తెలిసిన బరువు

మేడ మీది గది
సోమవారం

చిన్నోడా,

ఈ ఉత్తరం వెనకాలే నీకు ఒక పెట్టె వస్తుంది. కొరియరువాడు దయతలిచి పగలగొట్టకుండా తెస్తే, అందులో ఒక లావుపాటి పెన్ను, దాన్ని నిలబెట్టే స్టాండు, దళసరి అట్టవేసిన ఒక పుస్తకం ఉంటాయి. పెన్ను చూసి నాకు జ్వరం చూసుకోమని పంపావా అని అడగకు. అది డిజిటల్ పెన్ను. నేను పుస్తకాలు రాసేది ఇప్పుడు ఇలాంటి దానితోనే.

నా కళ్ళ సంగతి నీకు తెలుసు. కుడి కన్ను మధ్యలో మచ్చ పడింది. ఎడమది మసకమసకగా నడుస్తోంది గానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండమ్మా అన్నాడు డాక్టరు. నీ ఉత్తరం వస్తే కిటికీ దగ్గర నిలబడి భూతద్దం పెట్టుకుని చదువుతున్నాను, చీమల బారు లెక్కపెడుతున్నట్టు. నువ్వు రాసేదే నాలుగు ముక్కలు. అందులో రెండు కనపడకపోతే ఇక నాకు మిగిలేదేంట్రా?

ఆ పుస్తకంలో కాయితాల మీద కనీకనపడని చుక్కలుంటాయి. ఆ చుక్కల మీద ఈ పెన్నుతో రాస్తే నీ చేతిరాత నా దగ్గరున్న ట్యాబు పలకలో అచ్చక్షరాలైపోతుంది. నేను ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా చేసుకుని చదువుకుంటాను. ప్రతి పేజీ కిందా కుడి మూల ఒక చిన్న గడి ఉంటుంది. ఉత్తరం అయిపోయాక అందులో టిక్కు పెట్టు. నాకు ఉత్తరంగా వచ్చేస్తుంది. పడుకునే ముందు పెన్నును స్టాండులో నిలబెట్టు. స్టాండులో సిమ్ము నేనే వేయించాను. పెన్ను నా పాతది, ఇంకా నా పేరు మీదే ఉంది. మార్చడం నాకు చేతకాలేదు. అలాగే ఉండనీ.

మొదటి పేజీలో కొన్ని వాక్యాలుంటాయి. వాటిని చూసి రాయి. పెన్ను నీ చెయ్యి నేర్చుకుంటుంది. బడి మెట్లెక్కకుండా సంచుల మీది అచ్చు చూసి అక్షరాలు పట్టేసినవాడివి, నీకిదో లెక్కా!

అన్నట్టు, పోయినసారి వచ్చినప్పుడు మీ వంటింటి గుమ్మంలో ఆ ఊగే చెక్క మీద కాలేసి పడబోయాను. నేల అంతా బాగుంది, అదొక్కటే. లోకంలో ఉన్న కాటాలన్నీ సరిచేస్తావు, ఇంట్లో చెక్కకు రెండు మేకులు కొట్టలేవా? అదే మాట మరదలితో అంటే విననట్టే వెళ్ళిపోయింది. నా మీద కోపమేమైనా ఉందా?

పెన్నుతో జవాబు రాయి.
అక్క

*

కాటాల షాపు
గురువారం

అక్కా,

పెట్టె అందింది. పగల్లేదు.

మొదటి పేజీ చూసి రాశాను. ఆకాశం నీలంగా ఉంది అని మళ్ళీ మళ్ళీ రాయించింది. మా షాపులోంచి ఆకాశం కనపడదు. అయినా రాశాను.

ఇక్కడ అందరం బాగున్నాం. షాపులో పని ఉంది. నీ మరదలికి నీ మీద కోపం లేదు. ఏదో పరధ్యానంలో ఉండి ఉంటుంది. చెక్క సంగతి, తీరిక దొరకలేదు.

పెన్ను చేతికి బాగుంది. ఇంత మంచి కాయితం మీద నేనెప్పుడూ రాయలేదు.

కళ్ళు జాగ్రత్త. టిక్కు పెడుతున్నాను.

తమ్ముడు

*

మేడ మీది గది
ఆదివారం

ఒరేయ్ చిన్నోడా,

ఇది ఉత్తరమా, మందు సీసా మీద అంటించిన చీటీయా? అక్షరాలు మాత్రం ఎంత బాగా వచ్చాయో! ఒక్క తప్పు లేదు. నా చేతిరాతకి ఈ పెన్ను ఇప్పటికీ తికమక పడుతుంది. నీది నిలువుగా, దేని దారిన అది నిలబడి ఉంటుంది కదా, మొదటి రోజే చదివేసింది. నీ నాలుగు ముక్కల్నీ ఇంతింత పెద్దవి చేసుకుని గోడంత ఉత్తరం చదువుకున్నాను.

నా సంగతి చెప్పనా? ఏమీ బాగాలేదు. వారపత్రిక సంపాదకుడు పొద్దున్నే ఫోను చేస్తున్నాడు. సీరియల్ రాస్తానని ఒప్పుకున్నాను, ప్రకటన కూడా వేసేశారు. “ఏమైందండీ మొదటి భాగం?” అంటాడు. “వస్తోందండీ” అంటాను. ఎక్కడినుంచి వస్తుంది? రోజంతా ఈ గదిలోనే. రోడ్డు మీదికి వెళ్తే మనుషుల మొహాల్లో మధ్య భాగం కనపడదు. చెవులూ జుట్టూ కనిపిస్తాయి, మొహం ఉండాల్సిన చోట మచ్చ. మొహాలు కనపడని మనిషి మనుషుల గురించి ఏం రాస్తుంది?

ఇది నా ఆఖరి పుస్తకం రా. నువ్వు కంగారు పడతావని మొదటి ఉత్తరంలో రాయలేదు. ఎడమ కన్ను కూడా పోకముందు ఒక్కటి, ఒక్క మంచి పుస్తకం రాసి ఆపేస్తాను.

అందుకే అడుగుతున్నా. నాకు కబుర్లు రాయి. నువ్వు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావు, షాపుకి ఎవరొస్తారు, మొగుడూ పెళ్ళాలు ఏం మాట్లాడుకుంటారు, ఏదైనా సరే. నీ నోట్లోంచి మాట లాగడం అమ్మ వల్లే కాలేదు, నా వల్ల అవుతుందా అని కూడా అనుకుంటున్నాను. అయినా అడగడంలో తప్పులేదు కదా.

అక్క

*

కాటాల షాపు
శుక్రవారం

అక్కా,

నీ కళ్ళ సంగతి చదివి ఆ రోజు పని సరిగ్గా చేయలేకపోయాను. డాక్టరును మార్చి చూడు.

కబుర్లు రాయమన్నావు. నాకు రావు. ప్రయత్నిస్తాను.

పొద్దున్న నేను షాపుకి వస్తాను. నీ మరదలు డిస్పెన్సరీకి వెళ్తుంది. అక్కడ చీటీల కౌంటరు దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ళు కిటికీ అవతల నిలబడి పేరు, వయసు, జబ్బు చెప్తారు. ఈవిడ చీటీ రాసి ఏ గదికి వెళ్ళాలో చెప్తుంది. ఆ పని ఆవిడకు ఇష్టం. పెళ్ళికి ముందు నుంచీ చేస్తోంది. కౌంటరు కిటికీ నుంచి లేచి వచ్చే రోజు నేను ఉండకూడదు అని నవ్వుతూ అంటుంది.

సాయంత్రం ఇద్దరం ఇంటికి వస్తాం. ఆవిడ వంట చేస్తుంది. నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని రోజువారీ లెక్క రాసుకుంటాను. మేం పెద్దగా మాట్లాడుకోం.

నువ్వు పంపిన పుస్తకంలో ఉత్తరాలన్నీ ఒకవైపే రాస్తే రెండో వైపు వృథాగా పోతోంది. మంచి కాయితం. అందుకని వెనక నుంచి తిప్పి నా లెక్క అందులోనే రాసుకుంటున్నాను. వచ్చిందీ పోయిందీ, ఆ రోజు సంగతి ఒకటి రెండు ముక్కలు. గడిలో టిక్కు పెట్టను కాబట్టి నీకు రావు. చిల్లర లెక్కలు చదవాల్సి వస్తుందని భయపడకు.

తమ్ముడు

*

మేడ మీది గది
వానలు మొదలైన వారం

చిన్నోడా,

చాలా రోజులైంది కదూ రాసి. కోపం తెచ్చుకోకు. పనిలో పడ్డాను. పనిలో పడ్డాను అని రాయగలగడం ఎంత బాగుందో నీకు తెలియదు.

సీరియల్ మొదలైంది. కొన్ని భాగాలు వచ్చేశాయి. సంపాదకుడు ఇప్పుడు కూడా పొద్దున్నే ఫోను చేస్తున్నాడు గానీ గొంతు మారింది. “అమ్మా, చదివి మా ఆవిడ ఏడ్చిందమ్మా” అన్నాడు. “మీరు ఏడవలేదా?” అన్నాను. “నేను లెక్కలు చూసుకోవాలి కదమ్మా” అన్నాడు. చూడు, వీడు కూడా నీలాంటివాడే.

ఎందుకో ఈసారి వాక్యం వెనక వాక్యం వచ్చేస్తోంది. చిన్న చిన్న వాక్యాలు. అలంకారాలు లేవు. ఇన్నేళ్ళూ నేను ఇంత బిగించి రాయలేదు. పాత పాఠకులు కూడా అదే అంటున్నారు, ఈవిడ మారిపోయింది అని.

నువ్వు ఎలా ఉన్నావు? మరదలు ఎలా ఉంది? దాన్ని బాగా చూసుకో. చూసుకుంటున్నావులే, నాకు తెలుసు. ఆ చెక్క కూడా బాగుచెయ్యకులే. ఉండనీ. నువ్వు దాని మీద కాలేస్తే ఆ అదురు మరదలి కాళ్ళకు తెలుస్తుంది, వెనక్కి తిరుగుతుంది. నీలాంటివాడికి పిలవడం ఎలాగూ రాదు కదా.

వీలైనప్పుడల్లా రాస్తూ ఉండు. పెన్ను స్టాండులో పెట్టడం మర్చిపోకు.

అక్క

*

కాటాల షాపు
మంగళవారం

అక్కా,

సీరియల్ బాగా నడుస్తున్నందుకు సంతోషం. నేను చదవలేదు. షాపుకి ఆ పత్రిక రాదు.

నీ మరదలు బాగుంది. ఈమధ్య చాలా బాగుంది. ఎందుకో తెలియదు. సాయంత్రం నడిచి వస్తుంటే తనే వచ్చి నాకు ఎడమవైపు నడుస్తోంది. నిన్న నేను లెక్క రాసుకుంటుంటే వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. ఏమిటి అన్నాను. ఏమీ లేదు అంది.

కబుర్లు అడిగావు కాబట్టి షాపు సంగతి ఒకటి. మొన్న ఒక కిరాణా ఆయన కాటా తెచ్చాడు. “ఇది బాగానే ఉందయ్యా, ఊరికే చూడు” అన్నాడు. ముల్లు సున్నా దగ్గరే నిలబడుతోంది. పైకి ఏమీ తేడా లేదు. నాకు అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినప్పుడు నేను కాటాను విప్పను, మనిషిని అడగను. నా దగ్గర ఒక రాయి ఉంది. దాని మీద ఒక బరువు రాసి ఉంటుంది, అసలు బరువు వేరు. అది నాకొక్కడికే తెలుసు. ఆ రాయి పెట్టి చూస్తాను. కాటా ఏం చెప్తుందో చూస్తే దాని సంగతి బయటపడుతుంది.

నీ పెన్ను రోజూ వాడుతున్నాను. లెక్కలతో పాటు సంగతులు ఇప్పుడు కాస్త ఎక్కువే రాసుకుంటున్నాను.

తమ్ముడు

*

మేడ మీది గది
సీరియల్ ఆఖరి భాగం ముందు వారం

చిన్నోడా,

నీ కిరాణా కాటా కథ భలే ఉంది. ఇంతకీ కాటా మంచిదేనా, కాదా? అసలు ముక్క చెప్పకుండా ఆపేస్తావేంట్రా. కథ చెప్పడం నేర్చుకో నా దగ్గర.

నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఈ వారం భాగం ప్రెస్సు నుంచి బయటికి రాకముందే ఆఫీసులో అందరూ చదివేశారట. సంపాదకుడు ఫోను చేశాడు. “అమ్మా, ఆ ఒక్క మాట ఎలా తోచిందమ్మా మీకు?” అన్నాడు. ఆ మాట రాసిన రోజు నేను కూడా ఇంకేమీ రాయకుండా పెన్ను పక్కన పెట్టేశాను. అంత మంచివాడిలో కూడా ఆ ఒక్క సందు ఉందన్నమాట, అందుకే అతను మనిషి అయ్యాడు, లేకపోతే బొమ్మ. పుస్తకంగా వేస్తామని ప్రచురణకర్త అడ్వాన్సు కూడా పంపించాడు.

ఏదో ఒక రోజు నీకు కూడా వినిపిస్తాను. ఇప్పుడే చదవకు. పుస్తకమయ్యాక చదువు. ఏం?

నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు. మనుషులన్నాక విసుగు వస్తుంది. విసుగులో ఏదో అంటారు. దాన్ని పట్టుకుని బాధపడకూడదు.

అక్క

*

ఇల్లు
సోమవారం

అక్కా,

ఇది మామూలు కాయితం, మామూలు బాల్‌పెన్ను. భూతద్దం పెట్టుకుని చదువు. ఇంకెవరిచేతా చదివించుకోకు.

కిరాణా ఆయన కాటా మంచిది కాదు. నీ పెన్ను కూడా మంచిది కాదు.

చెక్క మీద కాలేస్తే నీ మరదలి కాళ్ళకు తెలుస్తుందని నువ్వు రాసిన రోజు నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ సంగతి నేను నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. వెనక పేజీల్లో నా లెక్క కింద ఒక్కసారి రాసుకున్నాను. టిక్కు పెట్టకపోతే రావని నేను నీకు రాస్తే, వస్తాయని నువ్వు చెప్పలేదు.

నువ్వు అన్నీ చదివావు కాబట్టి ఇప్పుడు దాచేది ఏమీ లేదు. నా నోటితో కూడా చెప్తున్నాను. నీ మరదలికి వినికిడి పోతోంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి కాస్త పనిచేస్తుంది. నువ్వు చెక్క గురించి మాట్లాడితే విననట్టు పోయింది అన్నావు. విననట్టు కాదు, వినలేదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. కౌంటరు దగ్గర పెదాలు చూసి చీటీలు రాస్తోంది. తెలిస్తే అక్కడినుంచి లేపేస్తారు. ఆవిడ దాస్తోందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకు తెలియకూడదు. తెలిస్తే చిన్నబోతుంది. అందుకని నేను కుడివైపు నడిచేవాణ్ణి. కుక్కరు కూత వేస్తే మంచినీళ్ళకు లేచినట్టు లేచి స్టవ్వు కట్టేసేవాణ్ణి. ఇంట్లోకి వస్తూ, నేను వచ్చానని తెలిసేలా వరండా లైటు ఒకసారి ఆర్పి వెలిగించేవాణ్ణి. చెక్కకు మేకులు కొట్టలేదు. మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. ఇవే మాటలు.

ఇవన్నీ వెనక పేజీల్లో ఉన్నాయి. ఎవరికైనా చెప్పుకోవాలనిపించి రాశాను. ఎవరికీ చెప్పకుండా చెప్పుకోవడం అనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక నిన్ను అడిగి ఉంటే సరిపోయేది. నాకు అడగడం రాదు. రాయి పెట్టి చూశాను. జరగని సంగతి ఒకటి రాశాను. నువ్వు ఎక్కడా ఊహించలేనిది కావాలని, నేను చచ్చినా చేయనిది ఏదో అది ఆలోచించి రాశాను. “ఈ రోజు ఆవిడ అటు తిరిగి గిన్నె తోముతుంటే వెనక నిలబడి, నువ్వు పోతే నేను హాయిగా నిద్రపోతాను అన్నాను. తిరగలేదు. గిన్నె తోముతూనే ఉంది.” ఇంతే. రాసి పెన్నును స్టాండులో పెట్టాను. నీ ఉత్తరంలో ఏదైనా తేడా కనిపిస్తుందని ఎదురుచూశాను. దాన్ని సీరియల్లో వేస్తావని నేను అనుకోలేదు. అప్పటిదాకా నీ సీరియల్ మా గురించని నాకు తెలియదు.

నీ మరదలికి తెలుసు. డిస్పెన్సరీలో మందులిచ్చే అమ్మాయి తెస్తుందట ఆ పత్రిక. “మేడమ్, ఇందులో ఆయన అచ్చం మీ సారులాగే కాటాలు బాగుచేస్తాడు” అని మొదటి భాగమే చేతిలో పెట్టిందట. అప్పటినుంచీ ప్రతి వారం చదివింది. నాతో ఒక్క మాట అనలేదు. భుజం మీద చెయ్యి వేసింది అందుకు. ఎడమవైపు వచ్చి నడిచింది అందుకు.

శనివారం నేను ఇంటికి వచ్చి లైటు ఆర్పి వెలిగించాను. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఉంది. పత్రిక ముందు పెట్టుకుంది. నన్ను ఎదురుగా కూర్చోమంది, నా పెదాలు కనపడేలా.

“మీ అక్కకి ఇదంతా నువ్వు చెప్పావా?” అంది.

“చెప్పలేదు. రాసుకున్నాను. తను చదివింది.”

“రాసుకున్నావు. అయితే ఇది కూడా నువ్వే రాశావు” అని ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

“అది జరగలేదు. అబద్ధం. అక్క చదువుతోందో లేదో చూద్దామని రాశాను.”

ఆవిడ నా మొహం చాలాసేపు చూసింది. తర్వాత అంది, “చెక్క నిజం. లైటు నిజం. కుక్కరు నిజం. నాకు తెలియకుండా ఇన్నేళ్ళు నువ్వు చేసినవన్నీ నిజం. ఇదొక్కటి అబద్ధమా?”

“అబద్ధమే.”

“నాకు ఎలా తెలుస్తుంది? నేను అటు తిరిగి ఉన్నాను కదా.”

ఆవిడే మళ్ళీ అంది, “ఈ కథ చదివి నేను ఎంత సంతోషపడ్డానో తెలుసా? చెప్పకుండా ఇంత చేశాడా అనుకున్నాను. వారం వారం ఎదురుచూశాను.”

నువ్వు ఆవిడకు రాయి. నిజం ఏమిటో రాయి. పుస్తకంలోంచి ఆ మాట తీసేయి. ఇంకేమీ అడగను.

తమ్ముడు

*

మేడ మీది గది
తారీకు తెలియదు

తమ్ముడూ,

భూతద్దంతోనే చదివాను. రెండు రోజులు పట్టింది.

ముందు తప్పు ఒప్పుకోమంటావేమో. ఎలా ఒప్పుకోవాలో తెలియడం లేదు. నువ్వు లెక్కలు వెనక పేజీల్లో రాస్తున్నావని నాకు తెలియకముందే అవి నా పలకలో ఉన్నాయి. పెన్ను ఎక్కడ రాసినా అక్కడికే చేరుతుంది. ఆ టిక్కు ఉత్తరానికి మాత్రమే. మొదటిసారి పొరపాటున తెరిచాను. పాలు, బల్బు, స్ప్రింగు అని ఉంది, కింద “కుక్కరు కూసింది, నీళ్ళకు లేచాను” అని ఉంది. ఎందుకు లేచావో తర్వాతి రోజు రాశావు. ఆ తర్వాత నేను మూయలేకపోయాను. నీకు చెప్తే నువ్వు రాయడం ఆపేస్తావు. చెప్పలేదు. ఇదీ జరిగింది.

నువ్వు నన్ను తిట్టు. కానీ ఒక సంగతి ఆలోచించు. నీ నోట్లోంచి రాని మాట మరదలికి చేర్చింది ఎవరు? నేనే కదా. నువ్వు ఇంకో పాతికేళ్ళు ఆ చెక్క మీద నిలబడి ఉండేవాడివి, దానికి ఎప్పటికీ తెలిసేది కాదు. నా కథ చదివి అది నీ భుజం మీద చెయ్యి వేసింది. దాన్ని చెడగొట్టింది నేను కాదు. నీ రాయి.

రాశాక ఇది చదువుకున్నాను. దుర్మార్గంగా ఉంది. కొట్టేయడం లేదు. నువ్వు నా మనసు కూడా చూడాలి కదా, నేను నీది చూశాక.

మరదలికి ఈ రోజే ఉత్తరం రాశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. పెన్ను సంగతి, పలక సంగతి, నువ్వు పరీక్షకి కల్పించావని. నా మీద ఎంత కోపం వచ్చినా సరే, నిన్ను నమ్మమని బతిమాలాను.

పుస్తకం సంగతి. ఆ మాట తీయలేనురా. ప్రచురణకర్త ఒప్పుకోడు అని అబద్ధం చెప్పవచ్చు. నేనే ఒప్పుకోను. కథ అంతా దాని మీదే నిలబడింది. అది తీసేస్తే ఒక మంచి మొగుడి గురించి చక్కటి కబుర్లు మిగులుతాయి. నాకు ఇంకో పుస్తకం లేదు. ఈ ఉత్తరం రాస్తుంటే గీత మీద గీత పడుతోంది, నాకు కనపడటం లేదు. కావాలంటే నీ పేరు మీద అంకితం ఇస్తాను. వద్దంటావు, తెలుసు.

ఒక్కటి అడుగుతాను. కోప్పడకు. ఆ మాట నువ్వు నిజంగా ఎప్పుడూ అనలేదు కదూ? ఎందుకంటే, కల్పించిన మాటలు చాలా చూశాను నేను. అది అలా లేదు.

అక్క

*

ఇల్లు
చలి మొదలైంది

అక్కా,

పెన్ను, స్టాండు, పుస్తకం ఈ పార్సెల్లో ఉన్నాయి. రాసిన పేజీలు చించి పారేశాను. నీ పలకలో ఎలాగూ ఉంటాయి. మిగిలినవి ఖాళీవి, వాడుకో.

నీ ప్రశ్నకు జవాబు. అనలేదు.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందని నేను కూడా చాలాసార్లు ఆలోచించాను. చచ్చినా చేయనిది ఏదో వెతుకుతుంటే అది వెంటనే దొరికింది. అంత వెంటనే ఎందుకు దొరికిందో నాకు తెలియదు.

నీ ఉత్తరం ఆవిడకు అందింది. రెండుసార్లు చదివింది. “మీ అక్క ఏం రాసినా నమ్మేట్టు రాస్తుంది” అంది. మడిచి నాకు ఇచ్చేసింది.

ఆ భాగం వచ్చాక డిస్పెన్సరీలో అందరికీ ఆ కథ ఈవిడదేనని, ఈవిడకు వినపడదని అర్థమైంది. పెద్ద డాక్టరు పిలిచి, వెనక నిలబడి గడియారం చెవి దగ్గర పెట్టి పరీక్ష చేశాడట. తిట్టలేదు. మంచిగానే మాట్లాడాడట. ఇప్పుడు ఆవిడ వెనక గదిలో పాత చీటీలు కట్టలు కడుతుంది. అక్కడ ఎవరూ పేర్లు చెప్పరు.

చెవికి మిషను పెట్టించుకుంది. ఒక్కతే వెళ్ళి తెచ్చుకుంది. ఇప్పుడు కుక్కరు కూస్తే తనే లేస్తుంది. నేను రెండు మూడుసార్లు అలవాటు కొద్దీ లేచాను. “వినిపిస్తోంది, కూర్చో” అంది. మర్నాడు నేను షాపులో ఉండగా వడ్రంగిని పిలిపించి గుమ్మం దగ్గర చెక్కకు మేకులు కొట్టించింది. నేల ఇప్పుడు గట్టిగా ఉంది. నువ్వు వస్తే పడవు.

మనుషులు వచ్చినప్పుడు మామూలుగానే ఉంటాం. మొన్న పక్కింటావిడ వచ్చి “మీ ఆడపడుచు రాసిన కథంట కదా, మీ ఇద్దరి గురించేనంట కదా, ఎంత అదృష్టమమ్మా మీది, పుస్తకంలోకి ఎక్కారు!” అంది. ఈవిడ నవ్వి టీ ఇచ్చింది.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. ఒకటి ఉంది.

రోజూ సాయంత్రం ఆవిడ గిన్నెలు తోమే ముందు చెవిలోంచి మిషను తీస్తుంది. నీళ్ళు పడతాయని కాదు. తీసి కిటికీ గట్టు మీద నాకు కనపడేలా పెడుతుంది. అటు తిరుగుతుంది. “ఇప్పుడు వినపడదు. అనాల్సింది అను” అంటుంది. కోపంగా అనదు. కౌంటరు దగ్గర ఏ గదికి వెళ్ళాలో చెప్పినట్టు అంటుంది.

చాలా రోజులు నేను గుమ్మంలో నిలబడి ఊరుకున్నాను. ఊరుకుంటే అనడానికి నా దగ్గర ఆ మాటే ఉందన్నట్టు అవుతోంది.

నిన్న మాట్లాడాను. పెళ్ళయినప్పటినుంచీ చెప్పాల్సినవి. అంతసేపు నేను ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఏం చెప్పానో నీకు రాయను. ఇది మామూలు కాయితమే. అయినా రాయను.

తిరగలేదు. గిన్నె తోముతూనే ఉంది.

తమ్ముడు